ఆ దూతకు విచారమెందుకు?

చిరంజీవికి ఆశీస్సులు.

పాతకాలపు ఇంగ్లీషు కవి చాసర్ కథకు నువ్వు చేసిన అనువాదం అందింది. తెలుగుకు నడక ఉంది. కానీ దూత తాగే చోటికి రాగానే కాగితాలు కింద పెట్టేశాను. "దూత విచారంగా బీరూ వైనూ తాగాడు" అన్నావు. రాణికి కొడుకు పుట్టాడన్న కబురు మోసుకెళ్తున్నవాడికి విచారమెందుకమ్మా?

మూలంలో ఉన్నది 'సాడ్లీ' అన్న మాటే, నిజమే. కానీ చాసర్ 1400లో పోయాడు. అప్పటికి ఆ మాటకు పాత అర్థాలు ఇంకా వదల్లేదు. పాత ఇంగ్లీషులో 'సాడ్' అంటే కడుపు నిండినవాడు. జర్మన్లు 'సాట్' అని ఇప్పటికీ ఆ అర్థంలోనే అంటారు. నిండినది బరువెక్కింది, బరువైనది కదలకుండా నిలిచింది, ఆ నిలకడ గాంభీర్యమై చివరికి దుఃఖంలోకి దిగింది. బొగ్గులు పోసే పెట్టె కాకుండా నిండు ఇనుప దిమ్మగా ఉండే ఇస్త్రీపెట్టెను 'సాడ్ ఐరన్' అనేవాళ్లు. అందులో ఏడుపు లేదు, బరువే. 1600లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకం 'మచ్ అడో అబౌట్ నథింగ్'లో కూడా మిత్రులు 'సాడ్లీ' మాట్లాడుకున్నారంటే గంభీరంగా అనే.

నీ దూత పూటుగా తాగాడు. పందిలా పడి నిద్రపోయాడు. అప్పుడే రాజు తల్లి అతని పెట్టెలోని ఉత్తరాలు తీయించి దొంగ ఉత్తరం పెట్టించింది. కథంతా ఆ 'పూటుగా' మీద తిరిగింది. నువ్వు దాన్నే తీసేశావు.

మన 'విచారం' కూడా ఇలాంటిదే. సంస్కృతంలో అది ఆలోచన, పరిశీలన. కోర్టులో విచారణ ఇప్పటికీ అదే. ఇంట్లోకొచ్చేసరికి దిగులైంది. నా తొలి కథల్లో ఒకదానిలో "రాజు విచారించి తీర్పు చెప్పాడు" అని రాశాను. ఒక సంపాదకుడు నన్ను అడక్కుండానే "బాధపడి తీర్పు చెప్పాడు" అని అచ్చేశాడు. పత్రిక చేతికొచ్చిన రోజు నాకు అన్నం సయించలేదు. ముప్పై ఏళ్లు దాటినా ఆ పేజీ చూస్తే కడుపు రగులుతుంది. ఇప్పుడేమో ఫోన్ చూపించిన మొదటి అర్థం రాసి పారేయడం అలవాటైంది అందరికీ. తెలియని మాటకైతే నిఘంటువు తీస్తాం. తెలుసనుకున్న మాటే ముంచుతుంది. పాత పుస్తకం ముట్టుకున్నప్పుడు ముందు దాన్నే అనుమానించు.

ప్రచురణకర్తల గురించి అడిగావు, అది తర్వాత. నీ ప్రతిలో 'విచారంగా' అన్న ప్రతిచోటా ఎర్ర సిరాతో గీత పెట్టాను. మూలం పక్కన పెట్టుకుని చూడు, కొన్నిచోట్ల నిజంగా విచారమే కావచ్చు. దూత పేజీ మాత్రం వెంటనే తిరగరాసి పంపు.