నూట ఇరవై పేజీలైనా మాట్లాడుకోని ఇద్దరు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. తెల్లదొరల కాలం నాటి ప్రేమకథ చదవడం మొదలుపెట్టి, నూట ఇరవై పేజీల దగ్గర మూసేశానని రాశావు. “ఇంకా ఆ ఇద్దరూ ఒక్క మాటైనా మాట్లాడుకోలేదండీ” అన్నది నీ ఫిర్యాదు. నవ్వొచ్చింది. నీ వయసులో నేనూ వర్ణనలన్నీ దాటేసి సంభాషణలే చదివేవాణ్ణి. తీరా రాయడానికి కూర్చున్నాక, ఆ దాటేసిన పేజీలే అడ్డం తిరిగాయి.

ఈసారి ఏం జరిగిందని కాక, జరగడానికి ఎన్నాళ్లు పట్టిందని చూడు. కథ 1890లో రాజమండ్రిలో నడుస్తోందనుకో. ఆమె అవతలి గట్టున కొవ్వూరులో ఉంది. నది మీద రైలు వంతెన 1900లో గానీ రాలేదు. అంతవరకు పడవే గతి, వరదొస్తే అదీ లేదు. అంటే శ్రావణంలో “రేపు వస్తాను” అనడం వేరు, మాఘంలో అనడం వేరు. ఈ సంగతి తెలిసిన రచయిత వరద తీసేదాకా మనల్నీ గట్టు మీదే కూర్చోబెడతాడు.

ఇక ఉత్తరాలు. 1879లో పోస్టుకార్డు వచ్చింది, వెల పావు అణా. దాని మీద రాసింది బంట్రోతు మొదలు బామ్మ దాకా ఎవరైనా చదవొచ్చు. పోనీ అర్ధణా పెట్టి కవరు వేద్దామా అంటే, ఆడపిల్ల పేర కవరొచ్చిందని ఇల్లంతా చుట్టూ చేరుతుంది. అందుకని మన నాయకుడు ఆమె అన్నగారి పేర కార్డే రాస్తాడు: “ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. మీ పెరట్లో సన్నజాజి పందిరి నిలిచిందా?” అన్నగారు దాన్ని నలుగురికీ వినపడేలా చదువుతాడు. వంటింటి గుమ్మం దగ్గర గాజుల చప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. అంతే. ఆ పేజీని వేళ్లతో తిప్పేస్తే వాళ్ల ప్రేమలో సగం పోగొట్టుకున్నట్టే.

నాయిక వితంతువైతే నిదానం ఇంకా పెరుగుతుంది. పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. కాగితం మీది అక్షరం పెళ్లిపందిరి దాకా రావడానికి పాతికేళ్లు పట్టిన చోట, కథానాయకుడు మూడో అధ్యాయంలోనే చెయ్యందిస్తే నేను నమ్మను.

అలాగని నెమ్మదిగా నడిచే ప్రతి నవలా గొప్పదేమీ కాదు. కొందరు సేకరించిన సమాచారమంతా కుమ్మరించి దానికే నిదానమని పేరు పెడతారు. నగల జాబితా మూడు పేజీలు సాగితే నిర్మొహమాటంగా దాటెయ్యి.

ఒక్క చోట మాత్రం దాటకు. దొరల బంగళాలో ప్రేమికులు గుసగుసలాడుతుంటారు, పైన పంఖా ఊగుతుంటుంది. దాని తాడు గోడ కంతలోంచి వరండాలోకి పోతుంది. అక్కడ ఒక మనిషి కూర్చుని గంటల తరబడి లాగుతుంటాడు. గదిలో ఏకాంతమే అని రాసిన రచయిత ఆ మనిషిని చూడలేదన్నమాట. చూసినవాడు రాస్తే, గాలి ఆగిపోయినప్పుడు ఆ ఇద్దరూ ఉలిక్కిపడతారు. వలస కాలపు సొగసు మీద నాకు అనుమానమెక్కువ. తాడు ఎవరి చేతిలో ఉందో చెప్పని ప్రేమకథ ఎంత తీయగా ఉన్నా మనసుకు పట్టదు.

నా తలవంపులు కూడా చెప్పాలి. మొదట్లో ఒక కథలో, 1885 నాటి పడవవాడికి నాయిక చేత యాభై పైసలు ఇప్పించాను. అచ్చయిన వారానికి ఒక పెద్దాయన రాశారు: “బాబూ, రూపాయికి నూరు పైసలు 1957లో వచ్చాయి. అప్పట్లో పదహారు అణాలు. మీ పడవవాడు ఆ డబ్బు మార్చుకోవడానికి డెబ్బై రెండేళ్లు ఆగాలి.” అప్పటినుంచి కథ ఏ ఏటిదో కాగితం పైన రాసుకోకుండా మొదటి వాక్యం రాయను.

నీ కథ కూడా చదివాను. గుమ్మం దగ్గర గొడుగు మరిచిపోయే ఘట్టం బాగుంది. కానీ రెండో పేజీలో ఆమె రాజమండ్రిలో రైలెక్కి, నాలుగో వాక్యానికే గోదావరి దాటేసింది. ఏ సంవత్సరమో ఎక్కడా లేదు. ముందు అది తేల్చుకో. 1900కి ముందైతే ఆమెను రైలు దింపి రేవు దగ్గర నిలబెట్టి, మళ్లీ రాసి పంపు.