మంగన్‌లో మూడేళ్ళు విన్న లెప్చా భాష

“టిబెటో-బర్మన్ భాషలన్నీ చైనా భాషలాగా రాగం తీస్తున్నట్టు వినిపిస్తాయా? వాటిలో కనుమరుగవుతున్న భాషను దగ్గరగా విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని అడిగారు. టిబెటో-బర్మన్ అంటే టిబెటన్, బర్మీస్ లాంటి భాషల కుటుంబం. అందులో నేను ఒక్క భాషను విన్నాను. అది లెప్చా. బ్యాంకు ఉద్యోగంలో 2014 నుంచి 2017 వరకు ఉత్తర సిక్కింలోని మంగన్‌లో ఉన్నాను. నేను భాషావేత్తను కాను. ఒక లెప్చా కుటుంబం ఇంట్లో పై గదిలో అద్దెకున్నాను, రాత్రి భోజనం వాళ్ళ వంటింట్లో, కట్టెల పొయ్యి దగ్గర. నాకు తెలిసినదంతా ఎక్కువగా ఆ పొయ్యి దగ్గర తెలిసిందే.

ముందు మీ మొదటి ప్రశ్న. లెప్చాలో రాగం లేదు. బర్మీస్, మణిపురి, బోడో లాంటి భాషల్లో గొంతు ఎత్తితే ఒక అర్థం, దించితే ఇంకో అర్థం వస్తుంది. మంగన్ పైన లాచుంగ్, లాచెన్‌ల నుంచి దిగివచ్చే, టిబెటన్‌కు దగ్గరి భాష మాట్లాడే భూటియాల మాటల్లో కూడా అది ఉంటుంది. లెప్చాలో ఉండదు. లెప్చాదీ అదే టిబెటో-బర్మన్ కుటుంబం అంటారు గానీ, అందులో దీనికి దగ్గరి చుట్టం ఏ భాషో పండితులే ఇంకా తేల్చలేదు. మొదటి వారం విన్నప్పుడు నాకు అనిపించింది ఒకటే: మాటలు చిన్నవి, ప్రతి మాటా చివర చప్పున ఆగిపోతుంది.

తెలుగువాళ్ళకు ఇక్కడే మొదటి కష్టం. మనది అజంత భాష. బస్సు, కారు, బ్యాంకు అంటూ ఏ మాట వచ్చినా చివర ఒక అచ్చు తగిలిస్తే గానీ మన నోటికి తృప్తి ఉండదు. లెప్చాలో మాట చివర క్, ంగ్, త్, న్, ప్, మ్, ర్, ల్ లలో ఏదో ఒకటి తరచుగా వస్తుంది. అందులో క్, త్, ప్ లను పూర్తిగా వదలరు. నాలుక అంటుకుంటుంది, గాలి బయటికి రాదు, మాట అయిపోయింది. ఒకటి అంటే ‘కాత్’. నేను ‘కాతు’ అనేవాణ్ణి. ఇంటి పెద్దావిడ ప్రతిసారీ చేయి అడ్డంగా పెట్టి ఆపేది. ఆ ‘ఉ’ తీసేయడానికి నాకు నెల పట్టింది.

ఆమెను నేను ‘అమూ’ అని పిలిచేవాణ్ణి. వాళ్ళ భాషలో అమ్మ అని అర్థం. వయసు డెబ్బై దాటింది. పుట్టింది జొంగూలో. మంగన్ నుంచి కిందికి దిగి తీస్తా నది దాటితే అవతల కొండలన్నీ జొంగూ. రాజుల కాలం నుంచీ అది లెప్చాలకే కేటాయించిన ప్రాంతం. బయటివాళ్ళు భూమి కొనలేరు, పర్మిట్ లేకుండా అడుగు పెట్టలేరు, సిక్కింలోని ఇతర ఊళ్ళ వాళ్ళకైనా సరే. అందుకే భాష అక్కడ ఇంకా ఇంటి భాషగా మిగిలింది. డార్జిలింగ్, కాలింపోంగ్ వైపు లెప్చా ఇళ్ళల్లో చాలాచోట్ల నేపాలీయే మాట్లాడుతున్నారు.

లెప్చాలు తమను తాము ‘రోంగ్’ అనుకుంటారు, భాష పేరు ‘రోంగ్‌రింగ్’. అంకెలు నాకు వినిపించినట్టు రాస్తాను, పైకి చదివి చూడండి: కాత్, న్యాత్, సామ్, ఫలీ, ఫంగో, తరోక్, కక్యోక్, కకూ, కక్యోత్, కతీ. ఇందులో నాలుగు, ఐదులోని ‘ఫ’ను ఇంగ్లీషు ‘ఫ్యాన్’లో లాగా పలకాలి. మన లిపిలో ‘ఫలము’కీ ‘ఫ్యాన్’కీ ఒకటే అక్షరం. లెప్చాలో అవి వేర్వేరు శబ్దాలు, వేర్వేరు అక్షరాలు. పక్షిని ‘ఫో’ అంటారు, పై పళ్ళు కింది పెదవికి తగలాలి.

ఇరవై దగ్గర లెక్క మారుతుంది. ఇరవైని ‘ఖా కాత్’ అంటారు, అంటే ఒక ఇరవై. నలభై ‘ఖా న్యాత్’, రెండు ఇరవైలు. అమూ పెద్ద ఏలకుల సంచులు లెక్కపెట్టేటప్పుడు ఈ ఖాల లెక్కే వినిపించేది. పక్కనే ఐదో తరగతి చదివే మనవడు అవే సంచులను నేపాలీలో లెక్కపెట్టేవాడు. ఇద్దరికీ జవాబు ఒకటే వచ్చేది. వాడికి లెప్చా అంకెలు పది వరకు వచ్చు, స్కూల్లో నేర్పారు. ఖాల లెక్క మాత్రం రాదు.

అన్నిటికంటే కష్టమైన శబ్దం ఒక అచ్చు. మన ‘ఉ’ అనడానికి పెదాలు గుండ్రంగా చుడతాం కదా. పెదాలు నవ్వుతున్నట్టు చాపి ఉంచి, నాలుకను మాత్రం ‘ఉ’ కోసం వెనక్కి తీసుకెళ్ళండి. అప్పుడు వచ్చేదే ఆ శబ్దం. తెలుగులో దానికి అక్షరం లేదు, నేను ఎన్నోసార్లు ఫోన్‌లో తెలుగులో రాసి పెట్టుకోవాలని చూసి మానేశాను. ఇంకొకటి, అచ్చుతో మొదలయ్యే మాట ముందు గొంతులో చిన్న బిగింపు ఉంటుంది. నీళ్ళను ‘ఉంగ్’ అంటారు. ఆ ‘ఉ’ నేరుగా రాదు. గొంతు ఒక్క క్షణం మూసుకుని, విడిపడి అప్పుడు వస్తుంది. నిప్పు ‘మీ’, ఇల్లు ‘లీ’. ఇవి తేలిక, మొదటి రోజే వచ్చేశాయి.

ఈ భాషలో నేను నిజంగా ప్రేమించింది మాత్రం ఇంకొకటి. మనం ‘అంటుకొను’ని ‘అంటించు’ చేయాలంటే మాటకు తోక తగిలిస్తాం. కదులు, కదుపు, మునుగు, ముంచు. మార్పంతా చివరే. లెప్చాలో మాట కడుపులో ఒక ‘య’ పెడతారు. ‘రోప్’ అంటే అంటుకోవడం, ‘ర్యోప్’ అంటే అంటించడం. ‘థోర్’ అంటే తప్పించుకుపోవడం, ‘థ్యోర్’ అంటే విడిచిపెట్టడం. ‘నోన్’ వెళ్ళడం, ‘న్యోన్’ వెళ్ళేలా చేయడం. తనంతట తాను జరిగినదానికీ ఎవరో చేసినదానికీ మధ్య తేడా ఆ ఒక్క సన్నటి ‘య’లో ఉంది. ఒకరోజు కోడి గంప కిందనుంచి తప్పించుకుంటే అమూ మనవణ్ణి నిలదీసింది. వాడు ‘థోర్’ అన్నాడు, ఆమె ‘థ్యోర్’ అని గట్టిగా అంది. కోడి పోయిందని వాడు, నువ్వే వదిలేశావని ఆమె. ఆ గొడవ అర్థమైన రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. నేను పూర్తిగా అర్థం చేసుకున్న మొదటి సంభాషణ అదే.

లిపి గురించి కూడా చెప్పాలి. వీళ్ళకు సొంత లిపి ఉంది. సిక్కిం మూడో రాజు చాదోర్ నామ్‌గ్యాల్ కాలంలో, అంటే 18వ శతాబ్దం మొదట్లో వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. తికుంగ్ మెన్సలోంగ్ అనే తమ పూర్వీకుడు రూపొందించాడని లెప్చాలు చెప్పుకుంటారు. మనం ఒత్తులు అక్షరం కింద రాస్తాం. వాళ్ళు మాట చివరి హల్లును చిన్న గుర్తుగా అక్షరం నెత్తిన పెడతారు. క్ల, గ్ల, ప్ల, బ్ల, మ్ల లాంటి వాటికి విడిగా అక్షరాలే ఉన్నాయి. ఆ లిపిలో చేత్తో రాసిన పాత పుస్తకాలు అతి పెద్ద సంఖ్యలో ఉన్నది సిక్కింలో కాదు, నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో. యోహాన్ వాన్ మానెన్ అనే ఆయన సేకరించినవి 180కి పైగా ఉన్నాయి. ఈ సంగతి అమూ కొడుకు చెప్పాడు, చెప్పినంతసేపూ పొయ్యి వైపే చూస్తూ ఉన్నాడు.

ఆ లిపి విషయంలోనే నా ఉద్యోగంలో జరిగిన ఒక సంఘటన ఇప్పటికీ బాధ పెడుతుంది. జొంగూ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఖాతా తెరిచే ఫారం మీద రోంగ్ అక్షరాల్లో సంతకం చేశాడు. పొందికైన సంతకం, చేయి వణకలేదు. మా దగ్గర పై అధికారి దాన్ని చూసి, ఇది చెల్లదు, వేలిముద్ర వేయించండి అన్నారు. సంతకం ఏ భాషలో ఉన్నా చెల్లుతుందని నాకు తెలుసు. పైగా లెప్చా సిక్కిం అధికార భాషల్లో ఒకటి. అయినా కొత్తగా చేరిన టెన్షన్‌లో నోరు విప్పలేదు. ఇంకు ప్యాడ్ నేనే ముందుకు జరిపాను. ఆయన ఏమీ అనకుండా బొటనవేలు అద్దాడు. చదువు వచ్చిన మనిషిని చదువు రానివాడిగా నమోదు చేశాను. తరువాత అలాంటి ఫారాలు వచ్చినప్పుడు నియమం చూపించి సంతకమే తీసుకునేలా చేశాను, కానీ ఆయన మళ్ళీ మా కౌంటర్‌కు రాలేదు.

భాష చావడమంటే ఊళ్ళో నిశ్శబ్దం అవుతుందని అనుకునేవాణ్ణి. అలా కాదు. ఒకే ఇంట్లో ఒక్కో మూల ఖాళీ అవుతూ వస్తుంది. అమూ కోళ్ళతో, మొక్కలతో, చనిపోయిన భర్త ఫోటోతో రోంగ్‌రింగ్‌లో మాట్లాడేది. కొడుకుతో సగం సగం. నేపాలీ ఇంటి నుంచి వచ్చిన కోడలితో నేపాలీ. మనవడితో లెప్చాలో మొదలుపెట్టి, వాడు నేపాలీలో జవాబిస్తే తనూ నేపాలీలోకి మారిపోయేది. నాతో మాత్రం పట్టుబట్టి లెప్చాలోనే, నాకు అర్థం కాకపోయినా సరే. జనాభా లెక్కల్లో దేశంలోని లెప్చా మాతృభాషీయులు 2001లో 50 వేల పైచిలుకు, 2011లో 47 వేల పైచిలుకు. జనం పెరుగుతుంటే భాష తగ్గడం అంటే ఏమిటో ఆ వంటింట్లో చూశాను. మాది శ్రీకాకుళం. సీతంపేట కొండల్లో సవర పిల్లలు సంతలోకి రాగానే తెలుగులోకి మారిపోవడం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. మన గిడుగు రామమూర్తి గారు ఆ భాష కోసం ఎంత కష్టపడ్డారో చదివాను కూడా. అయినా అప్పుడు పట్టించుకోలేదు.

ఇక ఆ భాష వినిపించే చోటు సంగతి. జొంగూలో ఎక్కడ నిలబడినా నీళ్ళ చప్పుడు ఉంటుంది. పాసింగ్‌డాంగ్‌లో మాట్లాడాలంటే కింద నది హోరు మీదుగా మాట్లాడాలి. 2016 ఆగస్టులో మంతమ్ దగ్గర కొండ జారి నదికి అడ్డం పడి, సరస్సు ఏర్పడింది. ఆ రోజుల్లో అక్కడి బంధువులు ఫోన్ చేసినప్పుడు అమూ మొదట అడిగింది నది చప్పుడు ఎలా ఉందనే. చప్పుడు పలచబడితే పైన నీళ్ళు ఆగినట్టు. వాళ్ళకు అది చెవితో చదివే విషయం.

నదులు వాళ్ళ కథల్లో మనుషులు. తీస్తాను ‘రంగ్న్యూ’ అంటారు, ఆమె ఆడది. రంగీత్ మగవాడు. ఇద్దరూ మైదానంలో కలుసుకుందామని కొండల నుంచి బయల్దేరారు. ఆమెకు దారి చూపింది ఒక పాము, అతనికి ఒక పక్షి. పాము తిన్నగా వెళ్ళింది. పక్షి తిండి కోసం చెట్టు చెట్టుకూ ఆగింది. అతను చేరేసరికి ఆమె అప్పటికే అక్కడ ఉంది. ఆశ్చర్యపోయి ‘తీసథా?’ అన్నాడు. “ఎప్పుడొచ్చావ్?” అని. ఆ మాటే తీస్తా అయిందని అంటారు. ఈ కథ పెళ్ళిళ్ళలో పాడతారు. అమూ చెప్పేటప్పుడు పాము వెళ్ళే భాగం ఆగకుండా గబగబా చెప్పేది, పక్షి భాగంలో ప్రతి మాట దగ్గరా ఆగేది. నదుల మీద ఆనకట్టలు వద్దని 2007లో లెప్చా యువకులు గాంగ్‌టక్‌లో నిరాహార దీక్షకు కూర్చున్నారంటే ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ కథతో అర్థమైంది.

ఒక చిన్న సంగతి, అటు వెళ్ళేవారికి పనికొస్తుంది. సిక్కిం బోర్డుల మీద కనబడే ‘చు’ భూటియాలో నది. లెప్చాలో దాదాపు అలాగే వినిపించే మాటకు కొండ అని అర్థం. వాళ్ళు పలకరింపులో అనే ‘అచులే’ కొండలకు జేజేలు పలకడమే. కాంచనజంగను కొంగ్‌చెన్ అంటారు, అది వాళ్ళకు మూలపురుషుల చోటు.

మీరు వినాలనుకుంటే ఆకాశవాణి గాంగ్‌టక్ లెప్చాలో కార్యక్రమాలు ప్రసారం చేస్తుంది. పాటలైతే కాలింపోంగ్‌కు చెందిన సోనమ్ త్షెరింగ్ లెప్చా గారివి వెతకండి. పాత పాటలూ, వాయిద్యాలూ జీవితమంతా సేకరించారు, 2007లో పద్మశ్రీ వచ్చింది, 2020లో పోయారు. ఆయన వెదురు వేణువు వింటే భాషలోని ఆ చప్పున ఆగే గుణం అందులోనూ వినిపిస్తుంది.

వెళ్ళగలిగితే ఇంకా మంచిది. జొంగూలో చాలా ఇళ్ళల్లో అతిథులను ఉంచుకుంటారు, పర్మిట్ వాళ్ళే ఏర్పాటు చేస్తారు. వర్షాలు తగ్గాక, అక్టోబరు తరువాత వెళ్ళండి. 2023 అక్టోబరు 4 నాటి వరదలో చుంగ్‌థాంగ్ ఆనకట్టతో పాటు కింద వంతెనలూ పోయాయి, కాబట్టి ఏ దారి తెరిచి ఉందో మంగన్‌లోనే కనుక్కోండి. ఆ వరద తరువాత నాలుగు రోజులకు గానీ అమూ వాళ్ళ ఫోన్ కలవలేదు. అందరూ క్షేమం. మనవడు ఎత్తాడు, ఇప్పుడు పెద్దవాడయ్యాడు. నానమ్మకు చెవులు సరిగ్గా వినబడటం లేదట, నేపాలీలో చెబితే అస్సలు పట్టించుకోదట, లెప్చాలో అరిస్తేనే తల తిప్పుతుందట. అందుకని మాటలు తెలుసుకుని మరీ అరుస్తున్నానని చెప్పాడు.

రాత్రి పొయ్యి దగ్గర ‘ఛీ’ ఇస్తారు. మా వైపు చోళ్ళు అంటామే, ఆ గింజలు పులియబెట్టి, వెదురు గొట్టంలో వేడినీళ్ళు పోసి ఇచ్చే పానీయం. వద్దనుకుంటే టీ అడగండి, ఎవరూ ఏమనుకోరు. అప్పుడు పెద్దవాళ్ళెవరైనా ఉంటే నీళ్ళను ఏమంటారో అడిగి, మూడుసార్లు చెప్పించుకోండి. మొదటిసారి మీకు ‘ఉ’ వినిపిస్తుంది. రెండోసారి దాని ముందున్న గొంతు బిగింపు వినిపిస్తుంది.