ఫిబ్రవరి 2: పంక్సుటానీ ప్రయాణం మీద మూడు ఉత్తరాలు

ప్రశ్న: అక్కా, నేను కొలంబస్‌లో ఎమ్మెస్ మొదటి ఏడాది చదువుతున్నాను. అయిదుగురు ఫ్రెండ్స్‌మి కలిసి కారు అద్దెకి తీసుకుని, గ్రౌండ్‌హాగ్ డే చూడటానికి పెన్సిల్వేనియాలోని పంక్సుటానీ వెళ్దామనుకుంటున్నాం. బొరియలోంచి ఒక జంతువుని తీసి, దానికి నీడ కనపడిందా లేదా అని చెప్పడం కోసం రాత్రంతా చలిలో నిలబడాలా అని మాలో ఇద్దరు వెనకాడుతున్నారు. మీరు పిట్స్‌బర్గ్‌లో చదువుకున్నానని ఓసారి రాశారు కదా, వెళ్ళమంటారా? ‘గ్రౌండ్‌హాగ్ డే’ సినిమాలో చూపించిన సెంటర్ కూడా చూడాలని ఉంది.
– ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో

జవాబు: వెళ్ళండి తమ్ముడూ, అయిదుగురూ వెళ్ళండి. దేనికి వెళ్తున్నారో మాత్రం ముందే తెలిసి ఉండాలి. ఫిల్ అని పిలుచుకునే ఆ గ్రౌండ్‌హాగ్ మీకు కనపడేది కాసేపే. వెనక వరుసల్లో నిలబడితే ఒక గోధుమరంగు బొచ్చుముద్ద గాల్లోకి లేవడం తప్ప ఇంకేం తెలియదు. దాని కోసమే అయితే ఆ ఇద్దరు చెప్పిందే రైటు. నేను వెళ్ళమంటున్నది ఆ ఊరిని చూడటానికి. ఆరు వేల జనాభా కూడా లేని ఊరది. అలాంటిది ఏడాదికోసారి నడిరాత్రి వేలమందిని బస్సులెక్కించి, ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న గాబ్లర్స్ నాబ్ అనే గుట్ట మీదకి చేర్చి, పొద్దు పొడిచేదాకా ఆటపాటలతో నిలబెడుతుంది. ఆ గుట్ట మీద ఈ తంతు 1887లో మొదలైంది.

ఇది జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు తెచ్చిన నమ్మకం. ఫిబ్రవరి 2 క్రైస్తవులకి కొవ్వొత్తుల పండగ. ఆ రోజు ఎండ కాసి జంతువుకి తన నీడ కనపడితే చలి ఇంకో ఆరు వారాలు ఉంటుంది, మబ్బు పట్టి నీడ కనపడకపోతే వసంతం త్వరగా వచ్చేస్తుంది అనేవాళ్ళు. జర్మనీలో బ్యాడ్జర్ అనే బొరియ జంతువుని చూసేవాళ్ళు, పెన్సిల్వేనియాలో గ్రౌండ్‌హాగ్ ఆ చోటు తీసుకుంది. ఇది ఉడత జాతిదే, కాకపోతే బాగా లావు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దవాళ్ళు అనే రోజుల్లోనే అక్కడి రైతులు కొట్టంలోకి తొంగి చూసుకునేవాళ్ళు. ఆ రోజుకి గడ్డీ కట్టెలూ ఇంకా సగం మిగిలి ఉండాలన్నది వాళ్ళ లెక్క. చలికాలం ఇంకా సగం ఉందన్నమాట. తిండిగింజలకీ పశువులకీ ముడిపడ్డ ఈ భయం నాకు చాలా దగ్గరిదనిపిస్తుంది. అందుకే దీన్ని ఎవరైనా పిచ్చి సంబరం అంటే ఒప్పుకోను.

మేం వెళ్ళిన ఏడాది గుట్ట మీద మా పక్కన స్థానికుడు ఒక పెద్దాయన నిలబడ్డారు. కాళ్ళ కింద అట్టపెట్టె విప్పి పరుచుకున్నారు. నేను ఒంటికాలి మీదా రెండో కాలి మీదా మారి మారి నిలబడుతుంటే చూసి, మాట్లాడకుండా తన అట్టని మధ్యకి చింపి సగం నా బూట్ల కిందకి తోశారు. అయిదు నిమిషాల్లో తేడా తెలిసింది. చలి మనకి గాల్లోంచి ఎంత ఎక్కుతుందో గడ్డకట్టిన నేలలోంచీ అంత ఎక్కుతుంది, మధ్యలో అట్ట ఉంటే అది ఆగుతుంది. తలా ఒక అట్టముక్క కారులో పడేసుకోండి. ఒంటికి తగిలేవి నూలు బట్టలు వద్దు, చెమట పట్టి ఆరక అవే చంపుతాయి. ఉన్ని మేజోళ్ళు వేసుకోండి. బూట్లు బిగుతుగా ఉంటే రెండో జత మేజోళ్ళు వేసినా లాభం లేదు. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనేట్టు పెట్టుకోండి. బయట పెడితే సరిగ్గా ఫిల్ వచ్చే వేళకి బ్యాటరీ చచ్చి కూర్చుంటుంది.

గేట్లు తెల్లవారుజామున 3 గంటలకి తీస్తారు. కారు ఊళ్ళో ఆపి షటిల్ బస్సు ఎక్కడం మంచిది. పార్కింగ్, బస్సు టికెట్లు, ఏయే సంచులు రానిస్తారు అన్నవి ఆ ఏటికి ఈ పండగ నడిపే పంక్సుటానీ గ్రౌండ్‌హాగ్ క్లబ్ ఏం చెప్పిందో చూసుకోండి. మందు మాత్రం గుట్ట మీద కుదరదు, మీ ఇద్దరు మిత్రులకి ఆ మాట ముందే చెప్పు. స్టేజి మీద పాటలూ డాన్సులూ నడుస్తుంటాయి, ఇంకా చీకటుండగానే బాణసంచా కాలుస్తారు. ఏడు దాటాక పొడుగాటి నల్లటోపీలు, కోట్లు వేసుకుని ఇన్నర్ సర్కిల్ అనే క్లబ్ పెద్దలు వస్తారు. క్లబ్ ప్రెసిడెంట్ చేతికర్రతో చెట్టుమొద్దు తలుపు తడతారు. ఫిల్‌ని తీసి అందరికీ ఎత్తి చూపించి మొద్దు మీద పెడతారు. ఆయన వంగి దాని మాట వింటారు. ఆ భాష ఆయనకొక్కడికే, ఆ చేతికర్ర ఉంటేనే అర్థమవుతుందట. అక్కడ రెండు కాగితపు చుట్టలుంటాయి. ఏది చదవాలో ఆయన చూపిస్తే దాన్ని విప్పి చదువుతారు. చలికాలం ఇంకా ఉందని చదవగానే అన్ని వేల గొంతులూ ఒక్కసారి ఉసూరుమంటాయి. పక్కనున్న కొత్తవాళ్ళు కూడా నీ భుజం తట్టి ఓదారుస్తారు. ఆ క్షణం కోసం వెళ్ళు.

జోస్యం నిజమవుతుందా అంటావా? అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా ఈ మధ్య వేసిన లెక్కల్లో ఫిల్ మాట సరిపోయింది 30 నుంచి 40 శాతం మధ్యే.

ఇక సినిమా సంగతి. 1993లో వచ్చిన ఆ సినిమా తీసింది ఇల్లినాయిలోని వుడ్‌స్టాక్‌లో. అందులో చూసిన సెంటర్ పంక్సుటానీలో దొరకదు. అక్కడుండేది బార్క్‌లే స్క్వేర్ అనే చిన్న పార్కు. వీధుల్లో మనిషంత ఎత్తున రకరకాల వేషాల్లో ఫిల్ బొమ్మలుంటాయి, వాటితో ఫొటోలు దిగండి.

ప్రశ్న: నమస్కారం మేడం గారూ. మా అబ్బాయి అమెరికాలో, కొలంబస్‌లో చదువుతున్నాడు. ఫిబ్రవరి మొదట్లో స్నేహితులతో రాత్రిపూట కారులో పంక్సుటానీ అనే ఊరికి పండగ చూడటానికి పోతానంటున్నాడు. మంచులో కారు అంటేనే నాకు నిద్ర పట్టడం లేదు. వద్దని చెప్పమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, వద్దనకండి. కానీ మీ భయం ఉత్తది కాదు. ఈ ప్రయాణంలో నిజమైన ప్రమాదం రోడ్డే. వాడిని ఈ ప్రశ్నలు అడగండి, జవాబు తడుముకోకుండా చెప్తే పంపించండి.

మొదటిది, బయల్దేరేది ఎప్పుడు? కొలంబస్ నుంచి సుమారు 260 మైళ్ళు, నాలుగున్నర గంటల పైమాటే. పగలు క్లాసులకి వెళ్ళి అర్ధరాత్రి బండి తీస్తామంటే ఒప్పుకోకండి. ముందురోజు మధ్యాహ్నానికే పిట్స్‌బర్గ్ చేరాలి, తిని పడుకోవాలి, తెల్లవారుజామున మిగిలిన 80 మైళ్ళు వెళ్ళాలి. పంక్సుటానీలో ఆ రోజుల్లో గది దొరకడం కష్టం. డుబోయిస్, ఇండియానా అనే పక్క ఊళ్ళలో నెలల ముందు చూసుకుంటే దొరకొచ్చు.

రెండోది, నడిపేదెవరు? ఇద్దరుండాలి, ఇద్దరి పేర్లూ అద్దె కాగితంలో ఉండాలి. పేరు లేనివాడు నడిపినప్పుడు ఏదైనా జరిగితే బీమా చేతులెత్తేస్తుంది. 25 ఏళ్ళ లోపు వాళ్ళకి అద్దె కంపెనీలు రోజుకి అదనంగా వసూలు చేస్తాయి, అది మిగుల్చుకుందామని పేర్లు దాచకూడదు. వెనక సీటు వాళ్ళు నిద్రపోయినా ముందు సీటులో కూర్చున్నవాడు మెలకువగా ఉండాలి.

మూడోది, బ్లాక్ ఐస్ అంటే ఏంటో తెలుసా? తడి రోడ్డులాగే కనపడే పల్చటి మంచుపొర అది. కింద నేల వేడి తగలదు కాబట్టి వంతెనల మీద ముందు గడ్డకడుతుంది. దాని మీద బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పకూడదు. కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీసేసి బండిని దానంతట అదే నెమ్మదించనివ్వాలి. కారు మంచులో ఇరుక్కుని హీటర్ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచాల్సి వస్తే, ముందు దిగి పొగగొట్టం చుట్టూ మంచు తీసెయ్యాలి. లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ ఒక్క మాటా ఫోన్‌లో రెండుసార్లు చెప్పండి. కారు పైకప్పు మీద మంచు కూడా దులపాలి, 2022 నుంచి పెన్సిల్వేనియాలో అది చట్టం. జింకలు అడ్డం పడే రోడ్లు కూడాను, అందుకని చీకట్లో వేగం వద్దు.

ఆ రాత్రి తుఫాను హెచ్చరిక ఉంటే మానుకుంటానని వాడి చేత అనిపించుకోండి. వెనక్కి వచ్చేటప్పుడు పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, 1976 నాటిది. అక్కడ ఆగి దర్శనం చేసుకుని మీకు ఫోన్ చెయ్యమనండి. నిద్రలేని పిల్లలకి ఆ విరామం ఎలాగూ కావాలి.

ప్రశ్న: మేడం, జనం కేకల మధ్య ఆ మూగజీవాన్ని పైకెత్తడం నాకు నచ్చదు. ఇది హింస కాదా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఆ బాధ నీ ఒక్కదానిదే కాదమ్మా. ఫిల్ బదులు రోబోని పెట్టమని జంతు హక్కుల సంస్థ పెటా 2020లో అడిగింది కూడా. నాకూ ఆ కేకలూ లైట్లూ తగ్గిస్తే బాగుండుననిపిస్తుంది. మిగతా ఏడాదంతా ఫిల్ ఉండేది గుట్ట మీద కాదు, ఊళ్ళో లైబ్రరీకి ఆనుకుని కట్టిన బొరియలో, తన జోడు ఫిలిస్‌తో. చలికీ ఎండకీ తగ్గట్టు లోపలి వేడి సర్దుతారు. 2024 మార్చిలో వాటికి రెండు పిల్లలు పుట్టాయి, సన్నీ అనీ షాడో అనీ పేర్లు పెట్టారు. గుంపు నీకు పడకపోతే ఏ మే నెలలోనో వెళ్ళు, అద్దంలోంచి తీరిగ్గా చూడొచ్చు.