51 రోజుల బాబుకు కసాయ్ ఆపరేషన్ అన్నారా? ఆగకండి

మీ ప్రశ్న చదివాక నిద్ర పట్టలేదు. బాబుకు 51 రోజులు, కామెర్లు తగ్గలేదు, డాక్టర్లు బైలరీ అట్రీషియా (లివర్ నుంచి పైత్యరసం దిగే గొట్టాలు మూసుకుపోయే జబ్బు) అని చెప్పి, రసానికి వేరే దారి పెట్టే కసాయ్ ఆపరేషన్ వెంటనే చెయ్యాలంటున్నారు, ఇంట్లో పెద్దవాళ్ళేమో పసరు మందు వాడి ఒక నెల చూద్దామంటున్నారు. కసాయ్ లేకుండా నేరుగా లివర్ మార్పిడి చేయించొచ్చా, పరిశోధనలు ఏం చెప్తున్నాయి అని అడిగారు. ముందు జవాబు చెప్పేస్తాను: నెల కాదు, వారం కూడా ఆగకండి. నేను డాక్టర్ని కాను. ఇదే జబ్బుతో పుట్టిన అమ్మాయికి తల్లిని, నా లివర్లో ముక్క ఇచ్చినదాన్ని. పాపకిప్పుడు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి చదువుతోంది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పాప పుట్టినప్పుడు 2.9 కిలోలు, పాలు బాగా తాగేది. మూడోవారంలో కళ్ళు పచ్చగా ఉన్నాయని చూపిస్తే, "పుట్టిన పిల్లలకు మామూలేనమ్మా, పొద్దుటెండలో పడుకోబెట్టండి" అన్నారు డాక్టరు. నెల రోజులు పడుకోబెట్టాం. మా అత్తయ్య ఎంతో ప్రేమతోనే నేల ఉసిరి పసరు తెప్పించారు. ఊళ్ళో ఒకాయన చేతి మీద వాత పెడితే పోతుందన్నాడు, అది మాత్రం నేను పడనివ్వలేదు. పాప చూడ్డానికి బొద్దుగా, నవ్వుతూ ఉండేది. ఈ జబ్బు మోసం చేసేది ఇక్కడే. మొదట్లో బిడ్డ పెద్దగా ఏడవదు, జ్వరం రాదు, బరువు కూడా పెరుగుతుంది. లోపల లివర్ మాత్రం రోజురోజుకీ గట్టిపడిపోతూ ఉంటుంది.

పట్టుకున్నది మా అమ్మ. పాపను శుభ్రం చేస్తూ, "ఏమే, దీని దొడ్డి ఇలా సున్నం ముద్దలా ఉందేంటే?" అంది. ఆ గుడ్డ నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. మధ్యలో తెల్లగా మైదాపిండి ముద్ద లాంటి దొడ్డి, దాని పక్కనే చిక్కటి పసుపు నీళ్ళలా ఉచ్చ మరక. అంత పసిపిల్లల ఉచ్చ నీళ్ళలా ఉండాలట, గుడ్డకు మరక పట్టకూడదట. ఆ ముక్క అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు. గుంటూరు పరిగెత్తాం. అక్కడ మొదటిసారి డైరెక్ట్ బిలిరుబిన్ (కామెర్లలో ఒళ్ళు పచ్చబడేలా చేసే పదార్థంలో ఒక రకం) పరీక్ష చేశారు. 1 దాటితేనే అనుమానించాలట, పాపకు 6.8 ఉంది. ఆ రోజుకి పాప వయసు 62 రోజులు.

దొడ్డికి రంగు వచ్చేది లివర్ నుంచి దిగే పైత్యరసం వల్ల. బైలరీ అట్రీషియాలో ఆ రసం దిగే గొట్టాలు పుట్టిన కొత్తలోనే మూసుకుపోతాయి. రసం పేగుల్లోకి రాదు కాబట్టి దొడ్డి తెల్లబడుతుంది, రక్తంలో కలిసి ఉచ్చలోకి వస్తుంది కాబట్టి ఉచ్చ పచ్చబడుతుంది. ఎండ గానీ ఆసుపత్రిలో నీలం లైటు గానీ పనిచేసేది ఇంకో రకం బిలిరుబిన్ మీద. మూసుకుపోయిన గొట్టాన్ని ఎండా తెరవదు, పసరూ తెరవదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఇదొక్క మాట నెమ్మదిగా చెప్పండి. వాళ్ళ మీద కోపం వద్దు, వాళ్ళదీ భయమే. మా అత్తయ్యైతే ఆపరేషన్ పేరు వినగానే "కసాయి ఆపరేషనా!" అని ఏడ్చేశారు. అది ఒక జపాన్ డాక్టరు పేరు. మోరియో కసాయ్ అని, 1955లో సెండాయ్‌లో మొదటిసారి ఈ ఆపరేషన్ చేశారు. పాడైపోయిన గొట్టాలు తీసేసి, చిన్నపేగులో ఒక మెలికను తెచ్చి నేరుగా లివర్ కింద కుడతారు, రసం అటునుంచి దిగడానికి.

60 రోజుల్లోపు చేస్తే రసం దిగే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత వయసు పెరిగేకొద్దీ తగ్గుతూ పోతుంది. ఈ విషయంలో ఎక్కువ పరిశోధనలు ఇదే మాట చెప్తున్నాయి. ఆపరేషన్ తర్వాత మందులతో ఏమైనా మెరుగు చెయ్యొచ్చా అని కూడా చూశారు. అమెరికాలో 140 మంది పసిపిల్లలకు, సగం మందికి స్టెరాయిడ్లు, సగం మందికి అలాగే కనిపించే, అసలు మందు లేని ఉత్త డోసు ఇచ్చి పరీక్షించి 2014లో ఫలితం చెప్పారు. చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అందుకే రోజుల లెక్క మీద నాకింత పట్టుదల. తైవాన్‌లో 2004 నుంచి ప్రతి తల్లికీ బిడ్డ దొడ్డి రంగులు చూపించే కార్డు ఇస్తున్నారు, జపాన్‌లో 2012 నుంచి తల్లీబిడ్డల పుస్తకంలోనే పెట్టారు. మా పాప కార్డులో టీకాల పట్టిక ఉంది, బరువు గీత ఉంది, ఈ రంగుల వరుస లేదు. కాగితం మీద నాలుగు రంగులు అచ్చువేసి ఉంటే నేను మూడోవారంలోనే పోల్చుకునేదాన్ని. ఇది రాస్తుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మరి నేరుగా మార్పిడి ఎందుకు చెయ్యరు? లివర్ బాగా పాడయ్యాక ఆలస్యంగా వచ్చిన పిల్లలకు కొన్నిసార్లు అలాగే చేస్తారు. కానీ మీ బాబుది 51 రోజులే. నాలుగైదు కిలోల బిడ్డకు లివర్‌కి రక్తం తెచ్చే ధమని దారమంత ఉంటుంది, అతికించాక మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. కసాయ్ బాగా పనిచేస్తే కొందరు పిల్లలు సొంత లివర్‌తోనే పెద్దవాళ్ళవుతారు. పూర్తిగా పనిచెయ్యకపోయినా బిడ్డ కాస్త పెరిగేదాకా టైమ్ దొరుకుతుంది. ఆపరేషనయ్యాక మొదటి మూడు నెలల్లో టోటల్ బిలిరుబిన్ 2 కంటే కిందికి దిగిందా లేదా అన్నదే పెద్ద గుర్తు. అమెరికాలో చూసిన పిల్లల్లో, అలా దిగినవాళ్ళలో 86 శాతం మంది రెండేళ్ళ వయసుకి సొంత లివర్‌తోనే ఉన్నారు. దిగనివాళ్ళలో 20 శాతమే.

మా పాపకు కసాయ్ 76వ రోజున చేశారు. బిలిరుబిన్ 5 దగ్గరే ఆగిపోయింది. రెండుసార్లు చలిజ్వరం వచ్చి అడ్మిట్ చేశాం. కసాయ్ అయిన బిడ్డకు జ్వరమొస్తే పారాసెటమాల్ వేసి ఇంట్లో కూర్చోకూడదు, అది రసం దారిలో ఇన్ఫెక్షన్ కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. తొమ్మిదో నెలకి పొట్ట ఉబ్బి, చేతులు కాళ్ళు పుల్లల్లా అయ్యాయి. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టాం, ఎంసీటీ నూనె కలిపి. పైత్యరసం లేకపోయినా ఒంటికి పట్టే కొవ్వు అది. పదకొండో నెలలో, 6.4 కిలోల బరువుతో, మార్పిడికి తీసుకున్నారు.

మా ఆయనకు ఫ్యాటీ లివర్ ఉందని పక్కన పెట్టారు. నాది ఓ పాజిటివ్, సరిపోయింది. ఆపరేషన్ ముందు అవయవ దానానికి అనుమతిచ్చే కమిటీవాళ్ళు కూర్చోబెట్టి "ఎవరైనా బలవంతం చేశారామ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్నకే ఏడుపొచ్చింది. పసిపిల్లలకు మన లివర్లో ఎడమ అంచు ముక్క చాలు, మొత్తంలో సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు. ఇచ్చినవాళ్ళకు కొన్ని నెలల్లో లివర్ మళ్ళీ పెరుగుతుంది. ఆపరేషన్ పెద్దదే, దాన్ని చిన్నగా చెప్పను. వారం రోజులు దగ్గాలంటే దిండు పొట్టకు అదిమిపెట్టుకునేదాన్ని. నాలుగో రోజు చక్రాల కుర్చీలో ఐసీయూకి తీసుకెళ్ళారు. పాప ఒంటినిండా గొట్టాలే. నర్సు "చూడండి" అంటే చూశాను. కంటి తెల్లగుడ్డు తెల్లగా ఉంది. పుట్టిన మూడోవారం నుంచీ పచ్చటి కళ్ళే చూసినదాన్ని. అంత తెల్లగా ఉంటాయని మర్చేపోయాను.

1963లో డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మనిషికి చేసిన మొట్టమొదటి లివర్ మార్పిడి ఈ జబ్బున్న మూడేళ్ళ బిడ్డకే. రక్తస్రావమై ఆపరేషన్‌లోనే పోయాడు. ఆ తల్లిని తరచూ తలుచుకుంటాను. 1989లో బ్రిస్బేన్‌లో ఒక జపాన్ తల్లి తన చిన్న కొడుక్కి లివర్ ముక్క ఇస్తే, బతికున్న దాత నుంచి చేసిన మార్పిడి మొదటిసారి విజయవంతమైంది. మన దేశంలో 1998లో ఢిల్లీ అపోలోలో, కాంచీపురం నుంచి వచ్చిన రెండేళ్ళు నిండని బాబుకు తండ్రి ఇచ్చాడు. ఆ బాబుకూ ఇదే జబ్బు. ఇప్పుడు డాక్టరయ్యాడు. భయం వేసినప్పుడు మీ ఇంట్లో ఈ సంగతి చెప్పండి.

తర్వాతి జీవితం ఎలా ఉంటుందంటే, మా ఇంట్లో పొద్దున 8కి, రాత్రి 8కి అలారం మోగుతుంది, కొత్త లివర్‌ని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ మందు వేస్తాం. రక్తపరీక్ష రోజు మందు వెయ్యకముందే శాంపిల్ ఇవ్వాలి. పంపరపనస ఇంటికి తేము, మందు మోతాదు తారుమారవుతుంది. మార్పిడి అయిన మూడో నెలలో లివర్ ఎంజైములు పెరిగాయి, బయాప్సీలో (లివర్ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిజెక్షన్, అంటే ఒళ్ళు కొత్త లివర్‌ని తిప్పికొడుతోందని తేలింది, మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే తగ్గింది. అప్పటి టెన్షన్ మాటల్లో చెప్పలేను. మందులు ఎప్పటికైనా మానేయొచ్చా అన్న దాని మీద కూడా పరిశోధనలున్నాయి. తల్లిదండ్రుల లివర్ పొందిన 20 మంది పిల్లలకు డాక్టర్ల కాపలాలో నెమ్మదిగా తగ్గిస్తే 12 మంది మందు లేకుండా నిలబడ్డారని 2012లో తేలింది. తర్వాత 88 మందితో చేసినప్పుడు మూడో వంతు పైచిలుకే. ఎవరు నిలబడతారో ముందే చెప్పే పరీక్ష వచ్చేదాకా నేనైతే ఒక్క డోసు కూడా తప్పించను.

డబ్బు సంగతి అడగలేదు గానీ, మేం అరెకరం అమ్మాం, ముఖ్యమంత్రి సహాయనిధి కొంత వచ్చింది. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) డెస్కులో మొదటి రోజే అడగండి.

రేపు పొద్దున ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు అన్ని రిపోర్టులూ, టీకాల కార్డూ పట్టుకెళ్ళండి. బాబు దొడ్డి ఉన్న డైపర్ ఒకటి కవర్లో వేసుకుని డాక్టరుకి చూపించండి, ఫోటోలో రంగు సరిగా తెలీదు. విటమిన్ కె ఇంజెక్షన్ వేశారో లేదో అడగండి, ఈ పిల్లలకు అది తగ్గి తలలో రక్తస్రావమయ్యే ప్రమాదముంది. ఆపరేషన్ డేట్ ఎప్పుడు ఇస్తారో కనుక్కోండి, 60వ రోజు దాటేలా ఉంటే ఇంకో సెంటర్ చూసుకోవచ్చా అని మొహమాటం లేకుండా అడగండి. డేట్ తెలియగానే ఇక్కడే రాయండి, చూస్తూ ఉంటాను.