బల్ల దగ్గరికి చివరగా లేచే పెద్దమ్మ

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి వందనాలు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి వరండాలో కూర్చుని తీరిగ్గా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. 'అపొస్తలుల బోధ, మన జీవితం' అని పేరు పెట్టావు. పది పుటల్లో ప్రేమ అనే మాట నలభై ఒక్కసార్లు వచ్చింది. లెక్కపెట్టడానికి నాకేం, ఉద్యోగం నుంచి దిగిపోయినవాణ్ని, తీరికే తీరిక. మనిషి జాడ మాత్రం ఒక్కచోటే కనిపించింది. ఆరో పుటలో, పేరా చివర: "మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది, ప్రభువు బల్ల దగ్గరికి ఎప్పుడూ అందరి తర్వాతే లేస్తుంది."

నా పెన్సిలు అక్కడ ఆగింది. నువ్వు ఆగలేదు. తరువాతి వాక్యంలో 'తగ్గింపు ఎంత గొప్ప సుగుణం!' అని ఆశ్చర్యార్థకం పెట్టి ఫిలిప్పీ పత్రికకు వెళ్లిపోయావు. ఆమె ఎందుకు చివర లేస్తుంది? మోకాళ్ల నొప్పులా? చూపు ఆనక, ముందు నడిచేవాళ్లను చూసుకుని నడుద్దామనా? లేక ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట, బల్ల దగ్గర రొట్టె తిన్నాక ద్రాక్షరసం అందరికీ ఒకే పాత్రలో తిరిగే రోజుల్లో, ఆమె తరువాత తాగవలసినవాళ్లు ఎవరైనా ముఖం చిట్లించారా? అడిగావా? అడగకుండానే తగ్గింపు అని పేరు పెట్టేశావని నా అనుమానం. నీ వయసులో నేనూ అదే చేశాను, అందుకే పట్టుకోగలిగాను. పేదవాళ్లు మాట్లాడకుండా ఊరుకుంటే దాన్ని తగ్గింపు అనడం మన సంఘాల్లో పాత అలవాటు.

మన భాషలో ఒక తమాషా ఉంది, గమనించావో లేదో. నువ్వు రాసేది పత్రికకు, అపొస్తలుడు పౌలు రాసినవీ పత్రికలే. నెలనెలా సంఘం అచ్చువేసే దానికీ, రోమాకు వెళ్లిన దానికీ మనకు ఒకటే మాట. పౌలు రాసినవి ఉత్తరాలు. ఫలానా ఊళ్లో ఫలానా వాళ్ల మధ్య ఫలానా తగవు వచ్చింది, దాని సంగతి చూడమని రాసినవి. నీ వ్యాసం ఎవరికి రాశావో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

నువ్వు పొడుగ్గా ఎత్తి రాసిన ప్రేమ అధ్యాయమే తీసుకో, కొరింథు ఊరి సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికలో పదమూడోది. పెళ్లిళ్లలో చదువుతారు. క్యాలెండర్ల మీద గులాబీల పక్కన వేస్తారు. అది పుట్టిన చోట గులాబీలు లేవు. పౌలు ఎఫెసులో ఉండగా క్లోయె ఇంటివాళ్లు కొరింథు కబురు తెచ్చారు: సంఘం ముక్కలైంది, నేను పౌలువాణ్ని, నేను అపొల్లోవాణ్ని, నేను కేఫావాణ్ని అని కొట్టుకుంటున్నారు. ఆ చిరాకులో మొదలైన ఉత్తరం అది. ఎంత చిరాకంటే, క్రిస్పుకూ గాయికీ తప్ప మీలో ఎవరికీ నేను బాప్తిస్మం ఇవ్వలేదు, బతికిపోయాను అన్న ధోరణిలో రాస్తాడు. వెంటనే స్తెఫను ఇంటివాళ్లు గుర్తొస్తారు. ఆ, వాళ్లకూ ఇచ్చాను, ఇంకెవరికైనా ఇచ్చానేమో తెలియదు అంటాడు. కొట్టివేసి మళ్లీ శుభ్రంగా రాయలేదు చూడు. లేఖనమైన ఉత్తరంలో మతిమరపు అలాగే ఉండిపోయింది. నాకు ఆ చోటు అంటే ప్రాణం.

పదమూడో అధ్యాయంలో ప్రేమ 'ఉప్పొంగదు' అని ఉంది కదా. ఆ మాట పట్టుకుని వెనక్కి నడిచి చూడు. నాలుగో అధ్యాయంలో ఒకరి పక్షాన ఒకరి మీద ఉప్పొంగకండి అంటాడు. అయిదులో, ఇంత చెడుపు మీ మధ్య జరుగుతుంటే ఇంకా ఉప్పొంగుతున్నారే అని నిలదీస్తాడు. ఎనిమిదిలో జ్ఞానం ఉప్పొంగజేస్తుంది అంటాడు. గ్రీకులోనూ అది ఒకే మాట, మన అనువాదకులు ఓపికగా అన్నిచోట్లా ఒకే తెలుగు మాట వేశారు. అంటే పదమూడుకు వచ్చేసరికి కొరింథువాళ్లకు ఆ మాట వినగానే చెంప మీద వేడి తగిలి ఉండాలి. ప్రేమ ఏది కాదో చెబుతూ వాళ్ల బొమ్మ వాళ్లకే గీసి చూపిస్తున్నాడు.

పదకొండో అధ్యాయం మరీ దగ్గరి సంగతి. ప్రభురాత్రి భోజనం అని కూడుకున్నారు. ఉన్నవాళ్లు ముందుగా తమ తమ తిండి తినేస్తున్నారు. ఒకడు ఆకలితో ఉన్నాడు, ఇంకొకడు మత్తులో ఉన్నాడు. కూలిపని, బానిస చాకిరీ ముగించుకుని పొద్దుపోయి వచ్చినవాళ్లకు ఖాళీ గిన్నెలు మిగిలేవని పండితులు ఊహిస్తారు. పేదవాళ్లను సిగ్గుపరుస్తారా అని గద్దించిన పౌలు చివరికి చెప్పిన పరిష్కారం ఎంత చిన్నదో చూడు: భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి. అంతే. ప్రేమ దీర్ఘకాలం సహిస్తుంది అనే మాటకు రెండు అధ్యాయాల ముందే కొలత ఇచ్చాడు. కూలివాడు నడిచి వచ్చేంత సేపు అన్నం ముట్టకుండా కూర్చోవడం. నీ పెద్దమ్మ వాక్యం దగ్గర నాకు ఇదంతా గుర్తొచ్చింది. బల్ల, చివర లేచే మనిషి, ఆమె కోసం ఎవరైనా కనిపెట్టుకుని ఉన్నారా అనే ప్రశ్న. నీ చేతిలో కొరింథు అంతా ఉంది, నువ్వు క్యాలెండరు కోసం వెతికావు.

ఇంకొకటి. పదిహేనో అధ్యాయం పునరుత్థానం. ఓ మరణమా, నీ ముల్లెక్కడ అని ఆకాశానికి ఎత్తి, తరువాతి అధ్యాయం మొదటి వాక్యంలోనే చందా సంగతికి దిగుతాడు. మన బైబిల్లో ఆ మాటే ఉంది, చందా. యెరూషలేములో పేదలున్నారు, ఆదివారం ఆదివారం ప్రతివాడూ తనకు కలిగినదాన్ని బట్టి కొంత తన దగ్గర పక్కన పెట్టాలి, నేను వచ్చాక పరుగులు పెట్టవద్దు అని. మా అమ్మకు చదువు రాదు. ఎసట్లో బియ్యం పోసే ముందు చేటలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. అమావాస్య రోజుల్లో, అంటే ఇంట్లో గింజలు నిండుకున్న రోజుల్లో, పిడికిలి చిన్నదయ్యేది గానీ మానేది కాదు. శనివారం స్త్రీల సమాజంవాళ్లు వచ్చి పట్టుకెళ్లేవారు. పునరుత్థానం మీద నేను యాభై ప్రసంగాలు విని ఉంటాను. ఆ డబ్బా మూత చప్పుడే నాకు బాగా జ్ఞాపకం.

భాష సంగతి కొంచెం. నీ వ్యాసంలో 'విధవరాండ్రు ఆదుకొనబడిరి', 'అనేకులు బలపరచబడ్డారు', 'ఆకలిగొన్నవారు ఆదరింపబడుచున్నారు' అని వరసగా ఉన్నాయి. ప్రసంగాలు విని విని మనకు ఈ 'బడు' అంటుకుంటుంది. ఎవరు ఆదుకున్నారు? ఎంత ఇచ్చారు? మందుల చీటీ ఎవరు పట్టుకెళ్లారు? 'బడు' దగ్గర చేసినవాడు తప్పించుకుంటాడు, చేయనివాడు ఇంకా హాయిగా తప్పించుకుంటాడు. అన్నం, బట్ట లేని సహోదరుణ్ని చూసి సమాధానంగా వెళ్లండి, చలి కాచుకోండి అని చెప్పి పంపేసేవాణ్ని గురించి యాకోబు రాశాడు కదా. మన వాక్యాలు కొన్ని అచ్చం ఆ మనిషిలా మాట్లాడతాయి. అలాగే కుండలీకరణాల్లో వచనాల సంఖ్యలు, ముప్పైకి పైగా. చదివేవాళ్లు ఒక్కటి కూడా తీసి చూడరు. రెండు ఉంచు, వాటి దగ్గరే కూర్చో.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ముప్పై రెండేళ్ల కిందట ఫిలేమోను పత్రిక ఆధారంగా క్షమాపణ మీద వ్యాసం రాశాను. ఇరవై అయిదు వచనాల చిన్న ఉత్తరం, యజమాని దగ్గరి నుంచి వెళ్లిపోయిన బానిస ఒనేసిమును వెనక్కి పంపుతూ రాసింది. ఆ పేరుకు ప్రయోజకుడు అని అర్థం. మునుపు నీకు నిష్ప్రయోజకుడు, ఇప్పుడు నీకూ నాకూ ప్రయోజకుడు అంటూ పౌలు ఆ పేరుతోనే ఆడుకున్నాడు. బానిసత్వాన్నే సూటిగా ఖండించలేదేమని పౌలును అడిగేవాళ్లున్నారు. అడగనీ, అందులో న్యాయం ఉంది. నేను రాసిందల్లా ఒక్క మాట చుట్టూ: అతను నీకు ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో చేర్చు, నా చేత్తో రాస్తున్నాను, నేనే తీరుస్తాను. ఎంత బాగా రాశానో! అప్పటికి మా అన్నయ్యతో నాకు మాటలు లేక ఆరేళ్లు. పెరడు పంచుకునేటప్పుడు మూడు అడుగుల దగ్గర తగవు వచ్చి, మధ్యలో గోడ కట్టించింది నేనే.

వ్యాసం అచ్చయిన వారానికి తెల్లవారి లేచి చూస్తే ఆ గోడ మీద పత్రిక ఉంది, సరిగ్గా నా పుట దగ్గర తెరిచి. గాలికి ఎగరకుండా పైన ఒక రాయి. మా వదిన పని. ఆమె ఒక్క మాట అనలేదు, ఆ తరువాతా అనలేదు. నాకు ముందు కోపం వచ్చింది, సిగ్గు చాలా నిదానంగా వచ్చింది. మాటలు కలవడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. గోడ ఇప్పటికీ ఉంది, మధ్యలో తలుపు పెట్టించాం. గడియ వాళ్ల వైపు ఉండాలని నేనే అడిగాను. ఆ రోజు నుంచి ఏ వ్యాసం పూర్తి చేసినా ఆ రాయి గుర్తొస్తుంది. నువ్వు రాసిందాన్ని మీ ఇంట్లో ఎవరు ఏ గోడ మీద పెట్టగలరో ఆలోచించి చూసుకో. అలా పెట్టడానికి ఎవరూ లేరనిపిస్తే, ఇంకా ఏదో దాస్తున్నావన్నమాట.

ఇక నువ్వు అసలు తాకని చోటు. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేసేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరి నుంచి కొందరు యూదులు రాగానే జంకి పక్కకు తప్పుకున్నాడు. బర్నబా అంతటివాడు కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడని గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. సువార్త నిజమా కాదా అన్నది పంక్తి దగ్గర తేలిందక్కడ. దీని గురించి రాసే హక్కు మన తెలుగువాళ్లకు ఉన్నంతగా ఎవరికుంది? 1866లో ఒంగోలు చేరిన అమెరికా మిషనరీ క్లౌ దొరను అక్కడి పైకులాలవాళ్లు అడిగింది ఇదే, మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని. విడివిడి గదుల్లో ప్రార్థనకు కూర్చున్న భార్యాభర్తలిద్దరికీ ఒకే భాగం తెరుచుకుందని చెప్పుకుంటారు. మళ్లీ కొరింథు పత్రికే, మొదటి అధ్యాయం: మిమ్మును పిలిచిన పిలుపును చూడండి, మీలో జ్ఞానులు, ఘనులు అనేకులు లేరు. వాళ్లు మాదిగలతో నిలబడ్డారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దొర పేరు పుస్తకాల్లో మిగిలింది. ఊరూరా నడిచి ఆ మాట మోసిన తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య పేరు ఎంతమందికి తెలుసు?

అంత చరిత్ర ఉండి ఇవాళ ఒకే ఊళ్లో మాలపల్లెకూ మాదిగపల్లెకూ రెండు గుళ్లు. ఆదివారం ఒకే రొట్టె విరుచుకుని సోమవారం పెళ్లి సంబంధం దగ్గర కులం అడుగుతాం. ఇది రాస్తే సంఘ పెద్దలకు నచ్చదు. పత్రిక సంపాదకుడు నీ వ్యాసం వెనక్కి పంపవచ్చు. నావి రెండు వచ్చాయి. అయినా రాయి. ఇతరుల సంఘం గురించి మాత్రం మొదలుపెట్టకు, మీ సంఘం చాపల దగ్గర మొదలుపెట్టు.

ఆ పెద్దమ్మ విషయంలో ఒక జాగ్రత్త. కథ కోసం ఆమె దగ్గరికి వెళ్లకు. ముందు ఆమె ఇంటికి వెళ్లు, కూర్చో, టీ ఇస్తే తాగు. ఆమె చెప్పకపోతే అక్కడితో వదిలేయి. చెబితే, రాయవచ్చా అని అడుగు. పౌలు పేర్లు పెట్టి రాశాడు కదా అంటావేమో. రోమా పత్రిక చివర ఇరవైకి పైగా పేర్లున్నాయి, అవన్నీ వందనాలు చెప్పడానికి. కొరింథులో ఘోరమైన తప్పు చేసినవాడికి అసలు పేరే పెట్టలేదు. ఫిలిప్పీలో పడని ఇద్దరు ఆడవాళ్లు యువొదియ, సుంటుకేలను పేరు పెట్టి బతిమాలాడు గానీ, వాళ్లు సువార్త పనిలో నాతో కలిసి ప్రయాసపడ్డారని అక్కడే రాశాడు. ఆ మర్యాద నేర్చుకో.

మీ సంఘంలో నెల మొదటి ఆదివారం బల్ల ఉంటుందన్నావు. సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరిలో వస్తాను, శనివారం సాయంత్రం బస్సుకు. ఫిలేమోనును అడిగినట్టు బస సిద్ధం చేయమని అడగను, ఒక చాప చాలు. ఆ లోపు నువ్వు పెద్దమ్మతో మాట్లాడి ఉంటే సంతోషం. లేకపోయినా పరవాలేదు. ఆదివారం మగవాళ్ల వైపు నుంచి నేనూ అందరి తర్వాతే లేస్తాను. నావీ మోకాళ్ల నొప్పులే, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇట్లు,
మీ మాస్టారు