టైరు చాళ్లను పూడ్చకముందే పెంకులు చూడండి

మీరు అడిగింది: భీమిలి వైపు రక్షిత స్థలం బోర్డున్న కొండ మీద వానలో లారీ దిగబడి చాళ్లు పడ్డాయి, ఎంత నష్టమో ఎలా తేల్చాలి అని.

ముందు ఆ చాళ్లను ఎవరినీ పూడ్చనివ్వకండి. మాకు దెబ్బ అక్కడే తగిలింది. కొన్నేళ్ల కిందట వైజాగ్ శివార్లలో ఒక తవ్వకం దగ్గర రికార్డు రాసేవాణ్ణి. కాంట్రాక్టరు ట్రాక్టరు ఒకటి అడ్డదారని దిబ్బ మీదుగా పోయింది. మా వాచ్‌మన్, పాపం, సారు వచ్చేలోగా బాగుచేద్దామని పారతో చదును చేసేశాడు. సారొచ్చి చూస్తే నున్నటి నేల. ఇక కొలిచేదేముంది?

పక్కకి చెదిరిన కుండ పెంకులే మిగిలాయి. పాత విరుపైతే అంచు అరిగి, మట్టి రంగు పట్టి ఉంటుంది. కొత్త విరుపు పదునుగా, లోపలి రంగు తేటగా కనిపిస్తుంది. అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే రెండు ముక్కలు అంచుకి అంచు టక్కున అతికాయి. అవి చక్రం కింద నలిగినవే. అయితే అవి ఏ మట్టి పొరలో ఉండేవో చెప్పలేకపోయాం. పొరను బట్టే కాలం తేల్చేది కాబట్టి అసలు నష్టం అదే.

అందుకే నేను లోతు కన్నా, టైరు చాలు ఏ పొర దాకా దిగిందో చూస్తాను. పైన కొట్టుకొచ్చిన మట్టిలో అరడుగు దిగినా పెద్దగా పోయేదేం లేదు. రెండంగుళాల కిందే ఇటుక వరస ఉంటే ఆ రెండంగుళాలే ఎక్కువ.

పొద్దున్నే ఏటవాలు ఎండలో స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయండి. టేపు పరిచి మీటరుకోసారి వెడల్పు, లోతు రాసుకోండి. రెండు చాళ్ల మధ్య దూరం, టైరు అచ్చు మరిచిపోవద్దు, బండిని పట్టించేవి అవే. పెంకుల్ని మాత్రం ఉన్నచోటే వదిలేయండి.

రూపాయల్లో ఎంతంటారా? అమెరికాలో 1979 నాటి పురావస్తు వనరుల రక్షణ చట్టం కింద, పాడైన మట్టిని పద్ధతిగా తవ్వి ఉంటే ఆ సమాచారం రాబట్టడానికి ఎంతయ్యేదో లెక్కేస్తారు. దానికి బాగుచేత ఖర్చు కలుపుతారు. నాకా పద్ధతి సబబుగా తోస్తుంది. మన దగ్గరి బౌద్ధ స్థలాల్లో తొట్లకొండ రాష్ట్ర పురావస్తు శాఖది, శంకరంలోని బొజ్జన్నకొండ కేంద్రానిది. కేంద్ర రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మీ ఫిర్యాదు ఎవరికో బోర్డు చూస్తే తెలుస్తుంది.

మళ్లీ వానొచ్చేలోపు టార్పాలిన్ కప్పండి. అంచులకి ఇసుక సంచులు పెట్టండి, చుట్టుపక్కల రాళ్లు ఏరి పెట్టొద్దు. అవి స్తూపానివే కావొచ్చు.