కుక్క మీదికి మనిషి వస్తే: బెంగళూరు పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాకు రెండేళ్ల ఇండీ (నాటు జాతి) ఆడకుక్క ఉంది. రాత్రి తొమ్మిదింటికి నేనే బయటికి తీసుకెళ్తాను. దారిలో బార్ ముందు నిలబడేవాళ్లు దాన్ని చూసి కాలు నేలకేసి కొడతారు, రాయి తీస్తున్నట్టు వంగుతారు. మొన్న ఒకతను తాగి మీదిమీదికి వచ్చేశాడు. ఇది మొరిగేకొద్దీ వాళ్లు రెచ్చిపోతున్నారు. అలాంటప్పుడు ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు, కసవనహళ్లి

జవాబు: ఆ సమయంలో కుక్క మనకు కాపలా అనుకోకండి. దానికి మీరే కాపలా. అది ఒక్కసారి కరిచిందంటే, ముందు రాయి ఎత్తింది ఎవరో ఎవరికీ గుర్తుండదు. కరిచిన కుక్క అన్న పేరు మాత్రం దానికి ఉండిపోతుంది. అందుకే మేం చెప్పేదంతా ఆ మనిషికీ కుక్కకీ మధ్య దూరం పెంచడం గురించే.

మొదట చూపు. ఫోన్ జేబులో పెట్టి, ఇయర్‌ఫోన్ తీసేసి నడవండి. గుంపు ముప్పై అడుగుల దూరంలో ఉండగానే రోడ్డు దాటితే మాటే అవసరం పడదు. పది అడుగుల దాకా వచ్చాక తిరగబోతే అప్పటికే కుక్క బిగుసుకుని ఉంటుంది. అది ముందే సైగ చేస్తుంది. పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, తోక ముడవడం అన్నీ భయానికి గుర్తులే. వీటన్నిటికన్నా ప్రమాదమైనది మొరగడం ఆపి కదలకుండా నిలబడిపోవడం. కరవడానికి ముందు చాలా కుక్కలు ఇలాగే బిగుసుకుంటాయి. అలా కనిపించిన వెంటనే అక్కణ్ణుంచి కదలండి.

లీష్ పిడిని బొటనవేలికి తగిలించి, దాని మీద పిడికిలి మూయండి. మణికట్టుకి చుట్టుకోవద్దు. కుక్క ఒక్కసారి లాగితే ఎముక విరుగుతుంది, లేదా మీరు ముందుకు పడతారు. రెండో చేత్తో లీష్ మధ్యలో పట్టుకుని పొడవు తగ్గించండి. కానీ మెడ దగ్గర బిగుతు రానివ్వకండి. మెడ బిగిస్తే కుక్కకి అది కూడా దాడిలాగే అనిపిస్తుంది, కోపం ఇంకా పెరుగుతుంది.

ఎదుటివాడు దగ్గరికి వచ్చేస్తుంటే కుక్కని వెనక్కి పెట్టి, మీరు కాస్త పక్కకి తిరిగి నిలబడి, అరచెయ్యి ముందుకు చాపండి. కళ్లలోకి గుచ్చి చూడకుండా, గొంతు తగ్గించకుండా కన్నడంలో ఒకే మాట అనండి: ‘అణ్ణా, దూర నిల్లి. ముట్టబేడి’ (దూరంగా నిలబడండి, ముట్టుకోకండి). చాలామంది ‘నాయి కచ్చుత్తె’ (కుక్క కరుస్తుంది) అంటారు. మేమైతే ‘నాయి హెదరుత్తె’ (కుక్క భయపడుతుంది) అనమంటాం. కుక్క కరుస్తుందని నలుగురి ముందు మీరే అంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు అదే మాట మీ మీదికి తిరిగి వస్తుంది. భయపడుతుందని చెబితే ఆ చిక్కు ఉండదు, విన్నవాడూ కొంచెం తగ్గుతాడు. తిట్టకండి, వాదించకండి, వీడియో తీస్తానని బెదిరించకండి. తాగినవాడికి అవన్నీ ఇంకో అడుగు వేయడానికి సాకులే.

తర్వాత పరుగెత్తకుండా ఏటవాలుగా వెనక్కి తగ్గుతూ వెలుతురు, జనం ఉన్న చోటికి వెళ్లండి. మెడికల్ షాపు, దర్శిని హోటల్, అపార్ట్‌మెంట్ గేటు, ఏదైనా సరే. వెంటపడితే 112కి ఫోన్ చెయ్యండి. పక్కనున్న షాపు బోర్డు మీది పేరు, మెయిన్ రోడ్డు, క్రాస్ రోడ్డు నంబర్లు చదివి చెబితే పోలీసులు తొందరగా చేరతారు.

ఏం జరిగినా లీష్ వదలకండి. వదిలేస్తే తప్పించుకుంటుందని కొందరు అనుకుంటారు. బెదిరిన కుక్క నేరుగా సర్జాపూర్ రోడ్డు ట్రాఫిక్‌లోకి దూకే అవకాశమే ఎక్కువ.

‘వెనక’ అంటే మీ కాళ్ల వెనక్కి రావడం దానికి ఇంట్లోనే నేర్పవచ్చు. కుక్క ఎడమ పక్కన ఉండాలి. ఎడమ చేతిలో శనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క పట్టుకుని, దాని ముక్కు ముందు నుంచి మీ మోకాలి వెనక్కి తీసుకెళ్లండి. తల మోకాలి వెనక్కి రాగానే ‘వెనక’ అని, ముక్క అక్కడే పెట్టండి. ఎక్కువమందికి ఇది కుదరకపోవడానికి కారణం ముక్కని ముందుకి తెచ్చి ఇవ్వడమే. కుక్క ఏ చోట తింటే ఆ చోటికే వస్తుంది. పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు చాలు. హాల్లో కుదిరాక కారిడార్‌లో, తర్వాత లిఫ్ట్ ముందు, చివరికి రోడ్డు మీద. ఒక మెట్టు తడబడితే కిందిమెట్టుకి తిరిగి వెళ్లండి.

ప్రశ్న: మా బీగిల్ దీపావళి టపాసులకి బెదిరి హార్నెస్ (ఛాతీకి తొడిగే బెల్టు) లోంచి వెనక్కి జారి పారిపోయింది. ఇప్పుడు ఎవరైనా కర్ర ఊపినా అలాగే చేస్తుందని భయంగా ఉంది. ఏ బెల్టు వాడాలి? పెప్పర్ స్ప్రే దగ్గర పెట్టుకోవచ్చా?
- ఒక పాఠకుడు, హొరమావు

జవాబు: బెదిరిన కుక్క వెనక్కి నడిచి, తల వంచి, ముందుకాళ్లు దగ్గరికి తీసుకుంటుంది. ఛాతీ దగ్గర ఒకే పట్టీ ఉన్న హార్నెస్‌లు అలాంటప్పుడు జారిపోతాయి. మీకు కావాల్సింది పొట్ట సన్నబడే చోట కూడా ఇంకో పట్టీ ఉన్న మూడు పట్టీల హార్నెస్. అది దొరక్కపోతే మార్టింగేల్ కాలర్ (లాగినప్పుడు కొద్దిగా బిగుసుకునే మెడపట్టీ) వేసి, దాన్నీ హార్నెస్‌నీ చిన్న పట్టీతో కలపండి. ఒకటి జారినా రెండోది పట్టుకుంటుంది. కాలర్ కింద రెండు వేళ్లు దూరాలి, అంతకన్నా వదులు వద్దు. ఇంట్లో తలుపులు మూసి, కుక్కకి ఎదురుగా నిలబడి లీష్‌ని నెమ్మదిగా మీ వైపు లాగి చూడండి. పట్టీ చెవుల దాకా వచ్చిందంటే రోడ్డు మీద ఊడిపోతుంది.

లీష్ ఐదారు అడుగుల నైలాన్ పట్టీ అయితే మంచిది. సాగి ముడుచుకునే తాడు లీష్ ఇలాంటి సమయంలో పనికిరాదు. పదిహేను అడుగుల దూరంలో ఉన్న కుక్కని దాంతో ఒక్క క్షణంలో దగ్గరికి లాక్కోలేరు, సన్నని తాడు చేతిని కోసేస్తుంది. ముందుగా తెగేది పట్టీ కాదు, కొక్కెం. దాని స్ప్రింగ్ తుప్పు పట్టిందా, వేలితో నొక్కి వదిలితే పూర్తిగా మూసుకుంటుందా అని నెలకోసారి చూడండి. మర తిప్పి బిగించే కొక్కెం ఇంకా నమ్మకం. మెడలో బిళ్ల మీద ఫోన్ నంబర్ రాయించండి, కుక్క పేరు వద్దు. పేరు తెలిసినవాడు పిలిచి తీసుకుపోతాడు. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే చిన్న చిప్) వేయించినా, కుక్క ఎక్కడుందో అది చూపించదని గుర్తుంచుకోండి. స్కానర్ పెడితే 15 అంకెల నంబర్ చూపిస్తుంది, అంతే. ఆ నంబర్ మీ పేరు మీద, ఇప్పటి ఫోన్‌తో నమోదై ఉంటేనే ఉపయోగం.

స్ప్రే విషయంలో మా అభిప్రాయం కాస్త కఠినం. ఎదురుగాలి ఉంటే అది మీ కళ్లలో, మీ కుక్క ముక్కులో పడుతుంది. కళ్లు మండుతున్న కుక్కనీ కోపంగా ఉన్న మనిషినీ ఒకేసారి పట్టుకోలేరు. వేరే దారి లేనప్పుడు, గాలి మీ వీపు వైపు నుంచి వీస్తుంటే, కుక్క వెనక ఉంటేనే వాడండి. దాని కళ్లలో పడితే పదిహేను నిమిషాలు శుభ్రమైన నీళ్లు పోస్తూ కడగండి. నూనె, పాలు పెట్టొద్దు. స్ప్రేకన్నా బటన్ నొక్కితే తెరుచుకునే గొడుగు మేలు. ఇద్దరి మధ్యా టక్కున గోడలా నిలబడుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. కాకపోతే మీ బీగిల్ లాంటి బెదురు కుక్కకి ముందుగా ఇంట్లో అలవాటు చెయ్యాలి. మొదటి రోజుల్లో పక్క గదిలో తెరవండి, తెరిచిన ప్రతిసారీ తిండి పెట్టండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన మా ల్యాబ్రడార్‌ని లిఫ్ట్‌లో చూస్తే తన్నుతానంటాడు, ‘మందు పెట్టి చంపుతా’ అని కూడా అన్నాడు. అసోసియేషన్ వాళ్లు కుక్కకి ఎప్పుడూ మూతికి బుట్ట కట్టమంటున్నారు. చట్టం ఏమంటుంది?
- ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్ట్ వాడొద్దనకూడదు, మూతిబుట్ట కట్టాల్సిందేనని పట్టుబట్టకూడదు. అదే సమయంలో లీష్ వెయ్యడం, మలం ఎత్తడం మీ బాధ్యత. లైసెన్స్, రేబీస్ టీకా కాగితాలు ఎప్పటికప్పుడు సరిగా ఉంచుకోండి. గొడవ వచ్చినప్పుడు ముందు అడిగేవి అవే.

తన్నడం, కొట్టడం జంతు హింస నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ కింద నేరం. కానీ మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. పైగా పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ రాయగల నేరం కాదు, ఎన్‌సీఆర్ (నాన్ కాగ్నిజబుల్ రిపోర్ట్) గా రాసుకుంటారు. అరవై ఏళ్లు దాటినా ఈ అంకెలు మారకపోవడం బాధాకరం. జంతువుని చంపినా, విషం పెట్టినా, అవిటి చేసినా భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ వర్తిస్తుంది. దానికి ఐదేళ్ల దాకా జైలు, ఇందులో ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందే. పాత ఐపీసీలో జంతువు ఖరీదు ఎంత అన్న లెక్క ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టంలో అది లేదు, కాబట్టి ఊరకుక్క అయినా సరే. ‘చంపుతా’ అన్న మాట 351వ సెక్షన్ కింద బెదిరింపు అవుతుంది, ఎందుకంటే చట్టం దృష్టిలో కుక్క మీ ఆస్తి.

ఆత్మరక్షణ హక్కు ఆస్తికీ వర్తిస్తుంది. తన్నబోతే అడ్డుపడొచ్చు, తోసేయొచ్చు. ఆపడానికి ఎంత అవసరమో అంతే. అతను వెనుదిరిగాక కొడితే అది మీ నేరం.

ఇప్పుడు చెయ్యాల్సింది రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడం. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ లిఫ్ట్‌లో, సరిగ్గా ఏ మాటలు, ఎవరు విన్నారు అన్నవి రాసి అసోసియేషన్‌కి ఈమెయిల్ పెట్టండి. సీసీటీవీ పాత రికార్డింగ్‌ని చెరిపేసుకుంటూ పోతుంది, కాబట్టి అదే రోజు ఆ భాగం భద్రపరచమని అడగండి. స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదుకి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. 325 కింద వచ్చే కేసులో ఎఫ్‌ఐఆర్ రాయనంటే డీసీపీకి పోస్టులో పంపవచ్చు.

విషం భయం ఉన్నన్నాళ్లు మూతిబుట్ట మీ కుక్కకే మంచిది. అసోసియేషన్ కోసం కాకుండా దాని ప్రాణం కోసం వాడండి. నోరు తెరిచి రొప్పగలిగే బుట్ట రకమే తీసుకోండి. మూతిని బిగించి కట్టే గుడ్డ రకంతో కుక్క రొప్పలేదు, ఎండలో వడదెబ్బ తగులుతుంది. బుట్ట లోపల పెరుగు రాసి, తనంతట తనే మూతి పెట్టేదాకా ఆగండి. ఒకటి రెండు వారాలు పడుతుంది. కింద పడిన చికెన్ ముక్క తిని చొంగ కార్చడం, వణకడం, వాంతులు మొదలైతే పాలు, ఉప్పునీళ్లు ఏవీ పట్టకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. మిగిలిన ముక్కని, వాంతిని శుభ్రమైన సీసాలో వేసి డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: పార్కు దగ్గర ఒకడు మా కుక్కని పొట్టలో తన్నాడు. కాసేపు మూలిగి మళ్లీ మామూలుగానే నడుస్తోంది. ఆస్పత్రికి తీసుకెళ్లాలా?
- ఒక పాఠకుడు, బనశంకరి

జవాబు: తీసుకెళ్లండి. పొట్టలో తన్నితే ప్లీహం, కాలేయం చిట్లి లోపల నెమ్మదిగా రక్తం కారవచ్చు, అది బయటపడటానికి గంటలు పట్టొచ్చు. విభాజక పటలం (ఛాతీనీ పొట్టనీ వేరుచేసే పొర) చిరిగితే ఆయాసం కొన్ని రోజుల తర్వాత కూడా మొదలవ్వొచ్చు.

పెదవి ఎత్తి చిగురు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. ఆలస్యమైనా, చిగుళ్లు పాలిపోయినా ఒక్క నిమిషం ఆగొద్దు. పడుకున్నప్పుడు నిమిషానికి 30 దాకా ఊపిరి మామూలే, 40 దాటితే అనుమానించాలి. పొట్ట ఉబ్బడం, మూత్రంలో రక్తం, పన్నెండు గంటలైనా మూత్రం పోయకపోవడం కూడా ప్రమాద చిహ్నాలే. మన ఇళ్లలో ఉండే ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్ వెయ్యొద్దు. ఆపరేషన్ కావాల్సి రావచ్చు కాబట్టి తిండి కూడా పెట్టకండి. దుప్పటి నాలుగు మూలలూ ఇద్దరు పట్టుకుని కారులోకి ఎక్కించండి. నొప్పిలో యజమానినీ కరవొచ్చు కనుక మూతికి గుడ్డ కట్టాలి, కానీ ఆయాసం, వాంతులు ఉంటే అసలు కట్టకూడదు.

హెబ్బాళలోని వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి అందరికీ తెలిసిందే. మీకు అది దూరం. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ ఉన్న దగ్గరి క్లినిక్‌కి ముందు ఫోన్ చేసి, డాక్టరు ఉన్నారో లేదో కనుక్కుని బయల్దేరండి. కేసు పెట్టే ఆలోచన ఉంటే, దెబ్బ ఎక్కడ, ఎంత పొడవు, ఏ రంగు, ఎలాంటి దెబ్బ వల్ల కావచ్చు అన్నవి రాసి ఇవ్వమని డాక్టరుని అడగండి. ఫొటోలో దెబ్బ పక్కన రూపాయి నాణెం పెడితే పరిమాణం తెలుస్తుంది.

ప్రశ్న: కర్రతో కొట్టినవాణ్ణి మా కుక్క కరిచింది. ఇప్పుడు తప్పు మాదేనా?
- ఒక పాఠకుడు, కె.ఆర్. పురం

జవాబు: తప్పొప్పులు తర్వాత. ముందు అతని గాయాన్ని సబ్బుతో, కుళాయి ధార కింద పదిహేను నిమిషాలు కడిగించి ఆస్పత్రికి పంపండి. కుక్కకి టీకా వేసి ఉన్నా అతనికి రేబీస్ టీకా అవసరమా కాదా అన్నది డాక్టరే చెప్పాలి. కుక్కని పది రోజులు ఇంట్లోనే పరిశీలనలో ఉంచండి. ఆ రోజుల్లో దాన్ని ఎవరికీ ఇవ్వకండి, వేరే ఊరికి పంపకండి. జంతువుని నిర్లక్ష్యంగా వదిలేస్తే భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. కర్రతో కొట్టినప్పుడు కుక్క మీ చేతిలో లీష్‌కే ఉందని చూపించగలిగితే మీ వైపు బలం ఉంటుంది. సాక్షుల ఫోన్ నంబర్లు అక్కడే తీసుకోండి, అతను ఫిర్యాదు ఇచ్చేదాకా ఎదురుచూడకుండా మీ ఫిర్యాదు మీరు ఆ రోజే ఇవ్వండి. చికిత్స ఖర్చు ఇవ్వదలిస్తే ఇవ్వండి. అయితే సంతకం చేసే కాగితంలో ‘మా తప్పు’ అన్న మాట లేకుండా, వైద్యం కోసం ఇచ్చిన మొత్తం అని మాత్రమే రాయించండి.